వైనతేయ మొగ దాటే వేళ

పెద్దిరాజు నోరు ఊరుకునే రకం కాదు. రాజోలు నుంచి అంతర్వేది ఒడ్డు దాకా తన ట్రాలీ ఆటో మీద నా కయాకుని, ఒక్కరే పట్టే సన్నటి పడవని, తాళ్ళతో కట్టి తెచ్చాడు. దింపాక వెళ్ళిపోవచ్చు కదా! వెళ్ళకుండా ఇసకలో గొంతుక్కూర్చుని, పడవలోకి నీళ్ళు రాకుండా నేను నడుముకి రబ్బరు గుడ్డ బిగించుకుంటుంటే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అప్పటికి తెల్లవారి పావుగంటైంది.

"ఏవనుకోకండేం మేడం గారూ. దీంట్లో కూర్చుంటే కాళ్ళెక్కడ పెట్టుకుంటారండి?"

"లోపల."

"మరి బోర్లా పడితే అండి?"

"ఈ గుడ్డ లాగేసి బయటికొస్తాను."

"ఓర్నాయనో!" అని నోటి మీద చెయ్యేసుకున్నాడు. "ఓడలరేవుకే కదండి తమరు వెళ్ళేది? శుభ్రంగా బస్సుందండి. రాజోలు మీంచి అమలాపురం, అక్కణ్ణుంచి ఓడలరేవు. ఓ కునుకు తీసేలోగా దింపేస్తాడు."

ఆ బస్సు సంగతి నాకు పెద్దిరాజు చెప్పక్కర్లేదు. ఈ ఏడాదిలో రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ ఓడలరేవు ఇవతల, పల్లెపాలెం మలుపులో దిగాను. కల్వర్టు మీద కాసేపు కూర్చుని, ఎదురొచ్చిన బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. అక్కడికి కనకరాజు, బుజ్జమ్మల ఇల్లు రెండు వందల గజాలు ఉంటుంది. ఆ రెండు వందల గజాలు నడవలేకపోయాను. సముద్రం మీంచి వెళ్తే ఆ గొడవ లేదు. గాలి వెనక నుంచి తోస్తుంటే ఏ కల్వర్టు మీదా కూర్చోవడం కుదరదు.

వాళ్ళమ్మాయి లావణ్య నా దగ్గర చదువుకుంది. చదువంటే చదువు కాదు, నేను హైస్కూల్లో ఆటల టీచర్ని. స్కూలు వదిలి ఇంటర్లో చేరాక కూడా తెడ్డు వెయ్యడం నా దగ్గరే నేర్చుకుంది. పోయిన మార్చిలో ఇదే కయాకులో వైనతేయ మొగ దాటబోయి చచ్చిపోయింది. ఏరు సముద్రంలో కలిసే చోటుని మా వైపు మొగ అంటారు. దానికి అప్పుడు పదిహేడేళ్ళు.

ఆ వేళకి దాటమని చెప్పింది నేను.

ముందురోజు సాయంత్రం ఫోన్ చేసింది. "రేపు ప్రాక్టీసుకి వెళ్తున్నాను మేడం, మొగ ఎన్నింటికి దాటమంటారు?" అంది. నేను ఫోన్లో ఆటుపోట్ల పట్టిక తీశాను. పదకొండూ నలభైకి ఆటు అయిపోయి పోటు మొదలవుతుందని ఉంది. ఆటుకీ పోటుకీ మధ్య నీళ్ళు కదలకుండా ఉంటాయి కదా అనుకుని, "పన్నెండుకి దాటెయ్" అన్నాను. పన్నెండుకి నేను పదో తరగతి పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తున్నాను. ఫోను గుమ్మం బయట బుట్టలో ఉంది.

తర్వాత ఎంక్వైరీ జరిగింది. అకస్మాత్తుగా వచ్చిన పెద్ద అల అని రాసుకుని వెళ్ళారు. నేనా రోజు డ్యూటీలో ఉన్నాను కాబట్టి నాకు సంబంధం లేదన్నారు. వేళ ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. అలా అనుకుని బతకడం ఎంత తేలికో చెప్తే మీరు నమ్మరు.

ఇవాళ మళ్ళీ అదే తిథి. ఆ రోజు ఏకాదశి అట. తిథి అదే అయితే ఆటుపోట్ల వేళా అదే. మేము క్రైస్తవులం, మా ఇంట్లో పంచాంగం ఉండదు. ఈ మార్చిలో ఏకాదశి ఎప్పుడొచ్చిందో స్టాఫ్ రూంలో గాయత్రి టీచర్ని అడిగాను. "ఏంటి ప్రసన్నా, ఉపవాసమా?" అని పకపకా నవ్వింది. ఆదివారం వచ్చిందని చెప్పింది. మా అమ్మతో కాకినాడలో ట్రైనింగుందని అబద్ధమాడి, చర్చి మానేసి బయల్దేరాను. ఫోను తీసి చూస్తే పదకొండూ నలభై అనే ఉంది.

అదే పడవ, అదే తిథి, అదే వేళ. పన్నెండుకి నేను మొగ దాటగలిగితే నేను చెప్పిన టైము తప్పు కాదు, దేవుడి చిత్తం. దాటలేకపోతే తప్పు నాది. ఈ ఒక్క సంగతి తేల్చుకుని, బుజ్జమ్మ గడప ఎక్కి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దీనికోసం అంతర్వేది నుంచే రావాలా అంటే రావాలి. అంతర్వేది నుంచి ఓడలరేవుకి ఒంటరిగా వెయ్యాలని లావణ్య కోరిక. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. దానికోసమే ఆ ప్రాక్టీసు.

"నేను ఓడలరేవులో ఉంటానండి సాయంత్రం. పడవ నేనే తెచ్చేస్తాను. తమరొస్తే తమర్ని కూడానూ" అన్నాడు పెద్దిరాజు.

"వస్తే ఏంటి వస్తే! నోట్లోంచి మంచి మాటే రాదా నీకు?"

"అయ్యయ్యో, అలాగని కాదండి!"

ఆ మాట నిజం చెయ్యడానికన్నట్టు, పడవెక్కి బయల్దేరగానే మొదటి అల నన్ను ఎత్తి బోర్లా పడేసింది. ముక్కులోకి, చెవుల్లోకి ఇసక నీళ్ళు. గుడ్డ లాగేసి బయటికొచ్చి లేచేసరికి మొల లోతు నీళ్ళలో పెద్దిరాజు లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుకొస్తున్నాడు. ఇద్దరం కలిసి పడవలో నీళ్ళు వంచాం. పాపం, ఈసారి ఏమీ మాట్లాడలేదు. తోసి వదిలాడు. మూడో అల దాటాక వెనక్కి చూస్తే ఇంకా చెయ్యెత్తి నిలబడే ఉన్నాడు.

నాకు నలభై మూడేళ్ళు. ఒకప్పుడు కయాకు పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడాను. ఆ కోటాలోనే ఉద్యోగం వచ్చింది. కానీ మేము ఆడిందంతా చెరువుల్లో, రిజర్వాయర్లలో. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉండేవి. ఇక్కడ అలా కాదు. కింద నుంచి ఏదో ఒకటి ఎప్పుడూ పడవని ఎత్తుతూ దింపుతూ ఉంటుంది. రెండు గంటలు గడిచేసరికే వాంతి చేసుకున్నాను. పొద్దున్న తిన్న ఇడ్లీ పోయింది. కడుక్కుని మళ్ళీ తెడ్డు వేశాను.

ఒడ్డు ఎడం చేతి వైపు కిలోమీటరు దూరంలో ఉంది. సరుగుడు తోటలు, వెనక కొబ్బరి వరస, మధ్యమధ్య రొయ్యల చెరువుల దగ్గర రేకుల షెడ్లు. ఎంతసేపు వేసినా అవే సరుగుళ్ళు. శంకరగుప్తం దాటానో లేదో తెలియలేదు. ఎక్కడో చర్చి మైకులో ఆరాధన మొదలైంది. పాట ముక్కలు ముక్కలుగా నీళ్ళ మీదికి వస్తోంది. మా అమ్మ ఈపాటికి రెండో వరసలో కూర్చుని ఉంటుంది. నా పేరెత్తి ప్రార్థన చేయించే ఉంటుంది. "ఏడవవే తల్లీ, ఒక్కసారి ఏడిస్తే దిగిపోతుంది" అని ఏడాదిగా నా వెంటపడుతోంది మా అమ్మ సుందరమ్మ గారు. ఏడుపు రావాలి కదా! ఆ పిల్లని ఇసకలో పూడ్చిపెట్టిన రోజున కూడా రాలేదు. వెనక నిలబడి, అక్కడ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను. స్కూల్లో పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను. నూట పద్నాలుగు మంది.

ఏమీ అనిపించడం లేదు. ఈ మాట ఇంకా చాలాసార్లు చెప్తాను, విసుక్కోకండి. జరిగేదే అది. అన్నం తింటే రుచి ఉండదు. పిల్లలు కబడ్డీలో గెలిచి మీద పడితే వాళ్ళని పక్కకి తోసి విజిలు ఊదుతాను. స్టాఫ్ రూంలో వెనక నా గురించి, "రాయండి బాబూ ఆవిడ" అనుకుంటారు. వినపడుతూనే ఉంటుంది. దానికీ కోపం రాదు. ఒకప్పుడు నా కోపానికి హెడ్మాస్టరు కూడా జడిసేవాడు.

తొమ్మిదయ్యేసరికి కాళ్ళు పూర్తిగా తిమ్మిరెక్కాయి. గిల్లుకుంటే తెలియడం లేదు. బొటనవేళ్ళ కింద పొక్కులు లేచి చితికాయి. ఉప్పునీళ్ళు తగిలితే మండాలి, మండుతోందని తెలుస్తోంది కానీ ఎవరిదో చెయ్యి మండుతున్నట్టుంది. ఒక చచ్చిన తాబేలు పక్క నుంచి పోయింది. పెద్దది, కడుపు పైకి పెట్టి. దాన్ని చూసి కూడా, ఆహా తాబేలు, అనుకున్నాను. అంతే. తెడ్డు కుడి, తెడ్డు ఎడమ. వంద లెక్కపెట్టడం, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం.

పది దాటాక ఒక ఫైబరు బోటు నా దగ్గరికి వచ్చింది. ఇద్దరున్నారు. ఇంజను ఆపి, తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన వంగి చూశాడు.

"ఎవరమ్మా? ఏవూరు? తాడెయ్యమంటావా, లాక్కెళ్తాం."

"వద్దండి. ఓడలరేవు వెళ్తున్నాను."

"ఒక్కదానివేనా? మీ ఆయన రాలేదేంటి?"

"ఉంటే కదండీ రావడానికి!"

రెండోవాడు కిసుక్కున నవ్వాడు. పెద్దాయన ఒక దోసకాయ విసిరాడు. పట్టుకోలేకపోయాను. నీళ్ళలో పడితే తెడ్డుతో దగ్గరికి లాక్కున్నాను. "ఏం చేస్తావమ్మా నువ్వు?" అన్నాడు.

"రాజోలు దగ్గర హైస్కూల్లో టీచర్నండి."

అంతే. తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. నువ్వు పోయి మీరు వచ్చింది. "అలాగాండి మేడం గారూ, తెలీక అన్నానండి. మొగ ఎన్నింటికి దాటుతారండి?"

"పన్నెండుకి."

ఆయన తూర్పు వైపు చూశాడు. నీళ్ళకేసి చూశాడు. నాకేసి చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయి, "ఆయ్, తమరు చూసుకునే ఉంటారు లెండి" అన్నాడు. ఇంజను వేసుకుని వెళ్ళిపోయారు. నేను దోసకాయ కొరుక్కుంటూ, మంచి మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

పదకొండు నుంచి నైరుతి గాలి పెరిగింది. వెనక నుంచి వచ్చే అల పడవ తోకని ఎత్తి పక్కకి తిప్పేస్తోంది. తిప్పినప్పుడల్లా నడుం మెలిపెట్టి సరిచేసుకోవాలి. నాలుగుసార్లు పడబోయి నిలదొక్కుకున్నాను. ఒళ్ళు హూనమైపోయింది. అయినా వేగం మాత్రం పెరిగింది. పదకొండూ ముప్పావుకి ఇవతలి గట్టున కరవాక ఊరి వైపు ఇసకతిప్ప కనిపించింది. దాని అవతల మొగ. మొగకి అవతలి గట్టున లోపలికి పల్లెపాలెం.

మెడలో ప్లాస్టిక్ సంచిలో ఉన్న ఫోను చూశాను. పన్నెండుకి తొమ్మిది నిమిషాలు తక్కువ. సరిగ్గా వచ్చాను. జీవితంలో ఏ పోటీకీ ఇంత సరిగ్గా రాలేదు.

సముద్రం వైపు నుంచి చూస్తే విరిగే అలలు కనపడవు, వాటి వీపులే కనపడతాయి. నున్నగా లేస్తాయి, అవతలికి పడిపోతాయి, కాసేపటికి తెల్లటి తుంపర పైకి ఎగురుతుంది. మొగ ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే. ఎక్కడా సందు లేదు. చప్పుడు గుండెల్లో తగులుతోంది. నా పక్కన నీళ్ళు రంగు మారాయి. ఏటి నీళ్ళు మట్టిరంగులో పాయలాగా బయటికి వస్తున్నాయి. వాటి మీద గుర్రపుడెక్క గుత్తులు, కొబ్బరి డొక్కలు నాకెదురుగా, సముద్రంలోకి, గబగబా కొట్టుకొస్తున్నాయి.

ఫోను పోటు మొదలైందంటోంది. సముద్రంలో మొదలైంది నిజమే. కానీ ఏటి లోపల, కాలవల్లో, మడ అడవుల్లో నిండిన నీళ్ళకి ఆ సంగతి తెలీదు. అవింకా దిగుతున్నాయి. దిగే ఏరూ ఎదురొచ్చే గాలీ కొట్టుకుని నీళ్ళు నిట్టనిలువుగా లేస్తున్నాయి. నేనూ గోదావరి పక్కన పుట్టినదాన్నే. మా పాయలో రేవు మెట్ల దగ్గర బట్టలుతికేటప్పుడు ఎన్నిసార్లు చూడలేదు, పోటు వేళ దాటినా నీళ్ళింకా కిందికే పోతుండటం! ఫోన్లో అంకె కనపడగానే కళ్ళ ముందున్నది మర్చిపోయాను. ఆ పట్టిక కాకినాడ రేవుది, వైనతేయ మొగది కాదు.

పన్నెండైంది. దాటాలి. దాటుతానని అనుకునే వచ్చాను. తెడ్డు నీళ్ళలో పెట్టాను.

ఆగిపోయాను.

మనసు గట్టిపడక కాదు, భయపడి కూడా కాదు. ఇరవై ఏళ్ళు పిల్లలతో ఉన్నదాన్ని. ఆ నీళ్ళలోకి ఎవరైనా పిల్ల వెళ్ళబోతుంటే విజిలు ఊది, జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, వీపు మీద ఒక్కటిచ్చి, ఆగవే అనేదాన్ని. ఆలోచించి అనేది కూడా కాదు, నోట్లోంచి అదే వచ్చేది. నా ఒళ్ళు నన్ను అలాగే ఆపేసింది. లావణ్యకి కూడా ఇవే నీళ్ళు కనిపించాయి. అది ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలుసు. మేడం పన్నెండన్నారు.

తేలిపోయింది. తప్పు నాదే.

బయటే ఉండిపోయాను. గాలి లోపలికి తోస్తుంటే వెనక్కి వెనక్కి తెడ్డు వేస్తూ, ఉన్నచోటే ఉండటానికి గంటా పది నిమిషాలు వేశాను. ఇరవై ఎనిమిది కిలోమీటర్లలో ఆ కదలని గంటే నన్ను చంపింది. భుజంలో ఏదో పట్టేసింది. దాహం వేసింది, సీసా తీయడానికి చెయ్యి వదిలితే పోతాను. అంతా చూస్తూనే ఉన్నాను. ఏడుస్తానేమో అనుకున్నాను. రాలేదు. అవును నాదే తప్పు, అనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను. ఎవరి గురించో పేపర్లో చదువుతున్నట్టుంది.

ఒంటిగంట దాటాక గుర్రపుడెక్క కదలడం మానేసింది. ఇంకో పది నిమిషాలకి మెల్లిగా లోపలికి తిరిగింది. అలలు ఒకటొకటే కుంగిపోయి, దుప్పటి సర్దినట్టు మొగ చదునైపోయింది. నేను లోపలికి వెళ్ళాను. ఒళ్ళో ఒక్క చుక్క నీరు పడలేదు.

పల్లెపాలెం గట్టున బుజ్జమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను కాదు, ముందు పడవని చూసింది. చేతిలో చేట అక్కడే వదిలి, మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి పడవ ముక్కు పట్టుకుంది. నేను లేవలేకపోయాను. చంకల కింద చేతులేసి పసిపిల్లని ఎత్తినట్టు పైకి లాగింది. కాళ్ళు నిలబడకపోతే నన్ను దాదాపు మోసుకెళ్ళి పాక ముందు మంచం మీద కూలేసింది.

"ఏడాదైందండి మేడం గారూ. ఇటు రానేలేదు. ఒంట్లో బాగుంటుందాండి?" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. మజ్జిగలో ఉప్పేసి తెచ్చిచ్చింది. "ముందు తాగండి, తర్వాత మాట్లాడుదురు గాని" అంది. తాగాను. గ్లాసు కింద పెట్టి, దారంతా నోట్లో నలిపిన మాట ఒక్క ఊపున చెప్పేశాను.

"బుజ్జమ్మ గారూ, ఆ రోజు పన్నెండుకి మొగ దాటమని లావణ్యకి చెప్పింది నేను. ఫోన్లో చూసి చెప్పాను. ఆ టైము తప్పు. ఇవాళ అదే టైముకి వచ్చి చూశాను. ఒంటిగంట దాటేదాకా దాటకూడదు. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"నాకు తెలుసండి" అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజు ఏకాదశండి. బయట పోటు పెట్టినా లోపల ఏరు ఇంకో గంటా గంటన్నర దిగుతూనే ఉంటదండి. మేం వేళ్ళ మీద లెక్కెట్టుకుంటాం కదండి, తప్పదు." బొటనవేలితో కణుపులు లెక్కపెట్టి చూపించింది. "ఇదిగో ఈ గట్టు మీదే నిలబడి అన్నానండి దాంతోటి. ఏరింకా దిగుతోంది, ఆగే, అన్నాను. 'మేడం పన్నెండన్నారమ్మా' అందండి."

బొటనవేలు ఇంకా ఆ కణుపు మీదే ఉంది.

"మేడం గారు చదువుకున్నోరు, ఫోన్లో చూసి చెప్పుంటారు, మనకేం తెలుసులే అనుకున్నానండి. ఇంకో మాట ఎత్తలేదండి నేను. పడవ కూడా నేనే తోసేనండి."

ఎండుచేపల మీద కాకి వాలితే ఆవిడ కూర్చున్నచోటు నుంచే ఉష్ అని అదిలించింది. తర్వాత మంచం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

"మీకో దణ్ణం పెడతానండి. మా ఆయనకి మాత్రం చెప్పకండేం. ఆయన వేటకెళ్ళున్నారండి ఆ రోజు. అది నాకు చెప్పకుండా పోయింది, నేను లోపల పడుకున్నాను అని చెప్పేనండి. చూస్తూ చూస్తూ పంపేనని తెలిస్తే ఆయన నా మొహం చూడరండి."

క్షమించమని అడగడానికి వచ్చిన నా చేతులు పట్టుకుని ఆవిడ నన్ను అడుగుతోంది. తప్పంతా నాదనుకుని వచ్చాను, ఏడాదిగా ఆవిడ కూడా అదే తప్పు ఒంటరిగా మోస్తోంది. నేను టీచర్ని కాకపోతే, ఆవిడ నాకు అంత మర్యాద ఇవ్వకపోతే, ఆ పిల్ల గట్టు మీదే ఆగిపోయేది. ఫైబరు బోటు పెద్దాయన కూడా ఇందాక నా ఎదుట అలాగే నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. వద్దు, దాటితే చస్తావు అని ఒక్క మాట అనడానికి నా ఉద్యోగం అడ్డొచ్చింది ఆయనకి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నాలో ఉన్న ఆ మేడం మీద. ఏడాది తర్వాత నాకు వచ్చిన మొదటి కోపం అది.

"చెప్పనండి" అన్నాను.

కనకరాజు వల భుజాన వేసుకుని గట్టు దిగి వస్తున్నాడు. ఆయన కూడా ముందు పడవనే చూశాడు. దాని పక్కనే చాలాసేపు నిలబడి, ఇటు వచ్చి, "బాగున్నారాండి" అన్నాడు.

లేవడానికి కాళ్ళు సహకరించలేదు. కూర్చునే చెప్పాను. వేళ నేను చెప్పానని, తప్పు చెప్పానని, ఇవాళ చూసుకున్నానని. ఆయన వల కింద దించలేదు. వింటున్నంతసేపూ నా మొహం వైపు చూడలేదు.

"పన్నెండుకాండి" అన్నాడు చివరికి. "ఏకాదశి నాడు పన్నెండుకి ఎవరు చెప్తారండి అలాగ?"

"నేను చెప్పాను."

భార్య వైపు తిరిగాడు. "నీకేం చెప్పలేదా అది వెళ్ళేముందు? ఎన్నింటికని నువ్వు అడగలేదా?"

బుజ్జమ్మ ఎండుచేపల దగ్గరికి పోయి, చేటలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఇంట్లో చెప్పొద్దని నేనే అన్నానండి" అన్నాను. "అమ్మకి తెలిస్తే భయపడి ఆపేస్తుంది, చెప్పకుండా వెళ్ళమన్నాను." రోజంతా నీళ్ళ మీద నిజం కోసం వచ్చినదాన్ని, ఆ అబద్ధం తడుముకోకుండా చెప్పాను.

ఆయన వల దించాడు. దాని మీదే కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, తుడుచుకున్న చెయ్యి అక్కడే పెట్టుకుని మాట్లాడాడు.

"మీ మీద కోపం రేపొస్తదేమోనండి నాకు. వస్తది, రాకుండా ఎలాగుంటది! ఇవాళ మటుకు... ఏడాదిగా దాన్నే తిడుతున్నానండి నేను. నీళ్ళలో పుట్టిన పిల్లవి, నీళ్ళు చూసుకోకుండా, అమ్మకి చెప్పకుండా, పొగరెక్కి పోయేవు కదే అని. దాని ఫోటోకి ఒక్క పువ్వు పెట్టలేదండి. పెట్టనివ్వలేదండి దీన్ని కూడా."

తువ్వాలు తీసి నా వైపు చూశాడు.

"పొగరు కాదన్నమాట. అయితే మాట విన్నదండి మా పిల్ల."

ఆయన గొంతులో సంతోషం ఉంది. నిజంగా సంతోషమే. దాన్ని విని తట్టుకోలేకపోయాను.

"విన్నదండి" అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపు తన్నుకొచ్చింది. నోరు మూసుకున్నా ఆగలేదు. మంచం పట్టె పట్టుకుని, స్కూల్లో చిన్నపిల్లల్లా వెక్కి వెక్కి ఏడ్చాను. బుజ్జమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, నా భుజం మీద తల పెట్టి తనూ ఏడ్చింది. కూతురి కోసం ఏడుస్తోందనుకున్నాడు కనకరాజు.